తేమకు మీటరుంది, ఆవిరికి లేదు

కోతలు మొదలైతే మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్ల మీద ట్రాక్టర్లు బారులు తీరతాయి. నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద పండిన సన్నాలు కోత మిషన్ నుంచి దిగినవి దిగినట్టే, పచ్చి వడ్లుగానే మిల్లుకు చేరతాయి. గేటు దగ్గర మిల్లు మనిషి ట్రాలీ ఎక్కి, పరదా తొలగించి, గుప్పెడు వడ్లు తీస్తాడు. కొన్ని గింజలు అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, ఒక గింజ పంటికింద పెట్టి చూస్తాడు. మిగిలినవి తేమ మీటరులో పోస్తాడు.

“ఇరవై నాలుగు చూపిస్తుంది పెద్దాయనా.”

“మల్లొక్కపారి పెట్టి చూడు బిడ్డా. గా మూలకు మంచు తడి ఉన్నది. నడుమ నుంచి తియ్యి.”

ఏ సీజన్‌లో వెళ్లినా ఇలాంటి మాటలు వినిపిస్తాయి. ఒకే రకం వడ్లు, ఒకే రోజు, ఒకే రోడ్డు. అయినా ఒక మిల్లు ఒక రేటు చెబుతుంది, రెండు ఫర్లాంగుల అవతల ఇంకో మిల్లు మరో రేటు చెబుతుంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం వడ్లు కాదు, ఇ-సిగరెట్. పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా, రంగురంగుల చాక్లెట్ డబ్బాలా కనిపిస్తూ యువత చేతుల్లోకి చేరుతున్న చిన్న యంత్రం. చూడ్డానికి ఒకేలా ఉన్న వస్తువుకు ఒక అమ్మకందారు ఒక ధర, మరొకరు దానికి రెండింతలు ఎందుకు చెబుతారు? ఆ తేడా దేన్ని సూచిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వడ్ల కాంటా దగ్గర మొదలుపెడితే తేలిగ్గా దొరుకుతుంది.

కొలిచిన తేడా

తేమ సంగతే తీసుకుందాం. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర రావాలంటే వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. అంటే 100 కిలోల వడ్లలో 83 కిలోలు అసలు గింజ, 17 కిలోలు నీరు. అదే 25 శాతం తేమ ఉన్న పచ్చి వడ్లయితే అసలు గింజ 75 కిలోలే. 17 శాతం తేమ ఉన్న క్వింటాలు 2,400 రూపాయలు అనుకుంటే, 25 శాతం ఉన్న క్వింటాలులోని గింజ విలువ దాదాపు 2,170 రూపాయలు. 230 రూపాయల తేడా కేవలం నీటిదే. ఆరబెట్టడానికి మిల్లుకు అయ్యే ఖర్చు దీనికి అదనం.

తర్వాత తాలు, మట్టి, నూక. ప్రభుత్వం మిల్లులకు ఇచ్చే వడ్లకు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలన్నది లెక్క. గింజ పగుళ్లు పట్టి ఉంటే నూక పెరిగి నిండు బియ్యం తగ్గుతుంది. మిల్లు మనిషి గింజను పంటికింద పెట్టి వెతికేది ఆ గట్టిదనాన్నే. రకాన్ని బట్టి కూడా రేటు మారుతుంది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరికి, అంటే రైతులు బీపీటీ అని పిలిచే వడ్లకు, దొడ్డు వడ్లకు ఒకే ధర ఉండదు. ప్రభుత్వం కూడా 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది.

ఈ తేడాలన్నిటికీ కారణాలు చెప్పవచ్చు. కారణం చెప్పగలిగితే వాదించవచ్చు. “మల్లొక్కపారి పెట్టి చూడు” అనే రైతు మాట అందులోంచి పుట్టిందే.

వెతకడానికి అయ్యే ఖర్చు

నాణ్యత తేడాలన్నీ లెక్కేసి తీసేసినా ధరలు పూర్తిగా ఒకటి కావు. మిగిలిన తేడా ఎక్కడిది? ఈ ప్రశ్నను అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1961లో గట్టిగా పట్టుకున్నారు. షికాగోలో ఒకే మోడల్ కారును వేర్వేరు డీలర్లు వేర్వేరు ధరలకు అమ్మడం ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి. కొనేవాడికి ఎక్కడ ఎంత ఉందో తెలియకపోవడమే ఈ తేడాకు మూలమని ఆయన తేల్చారు. తెలుసుకోవాలంటే తిరగాలి. తిరగాలంటే సమయం, డబ్బు ఖర్చవుతాయి. ఇంకో కొట్టుకు వెళ్తే మిగిలేదానికంటే వెళ్లడానికయ్యే ఖర్చు ఎక్కువ అనిపించిన చోట మనిషి ఆగిపోతాడు. అందరూ ఒకే చోట ఆగరు కాబట్టి అన్ని ధరలూ బతుకుతాయి. స్టిగ్లర్‌కు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

ట్రాక్టరు కిరాయికి తెచ్చుకున్న రైతును తలుచుకుంటే ఈ సిద్ధాంతం కళ్లకు కడుతుంది. మబ్బు పట్టింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు. పక్క మిల్లులో యాభై ఎక్కువ ఇస్తారేమో, కానీ అక్కడి బారులో మళ్లీ మొదటినుంచి నిలబడాలి. ఆ రైతు రేటు ఒప్పుకోవడం అమాయకత్వం కాదు, లెక్కే.

సమాచారం చేరితే ఈ తేడా ఎలా కరుగుతుందో కేరళ తీరం చూపించింది. 1997 నుంచి 2001 మధ్య అక్కడి తీర జిల్లాలకు సెల్‌ఫోన్లు ఒక్కొక్కటిగా చేరినప్పుడు రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త చేపల ధరలను వారం వారం గమనించారు. ఫోన్ రాకముందు ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపలు పారేస్తుంటే, కొద్ది కిలోమీటర్ల అవతల రేవులో చేపల్లేక కొనేవాళ్లు ఉత్త చేతులతో వెళ్లేవారు. ఫోన్ వచ్చాక పడవలోంచే ధర అడిగి తెలుసుకోవడం మొదలైంది. రేవుల మధ్య ధరల తేడా బాగా తగ్గింది. పారబోత దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది.

ఇక ధరను ముందే ముద్రించి పెడితే వెతకాల్సిన పని దాదాపు ఉండదు. సూర్యాపేట బస్టాండు దగ్గరైనా, కోదాడ శివార్లలోని దాబా దగ్గరైనా సిగరెట్ పెట్టె మీద ఒకే గరిష్ఠ చిల్లర ధర ఉంటుంది. అంతకుమించి తీసుకోవడం తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. అదే పెట్టె మీద రెండు వైపులా 85 శాతం మేర ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. ఈ నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి అమ్మకూడదు, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అమ్మకూడదు. పొగాకు ప్రాణాంతకమే. కానీ ఆ పెట్టెను ఎవరు తయారు చేశారో, ఎంతకు అమ్మాలో, ఏం హాని చేస్తుందో పెట్టె మీదే ఉంటుంది.

అంటే వడ్లకు గుణం కొలిచే సాధనం ఉంది. సిగరెట్‌కు ముద్రించిన ధర ఉంది. ఈ రెండూ లేని సరుకుకు ధర ఎలా పుడుతుంది?

లోపల ఏముంటుంది

ఇ-సిగరెట్‌ను ఈ రూపంలో తయారు చేసినవాడిగా చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ పేరు చెబుతారు. అది 2003 నాటి మాట. ఇప్పుడు ప్రపంచంలో అమ్ముడయ్యే వాటిలో అత్యధికం చైనాలోని షెన్‌జెన్ నగర ప్రాంతంలోనే తయారవుతాయి.

లోపలి నిర్మాణం సరళం. ఒక లిథియం బ్యాటరీ, సన్నని లోహపు తీగచుట్ట, ఆ చుట్టకు తగిలి ఉండే దూది, దూదిని తడిపే ద్రవం. పీల్చగానే బ్యాటరీ నుంచి కరెంటు పారి తీగ వేడెక్కుతుంది, ద్రవం మరిగి బయటికొస్తుంది. దాన్ని ఆవిరి అంటారు కానీ అది ఇడ్లీ పాత్రలోంచి వచ్చే ఆవిరి వంటిది కాదు. గాలిలో తేలే అతి సూక్ష్మమైన తుంపరలు. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరేంత చిన్నవి.

ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి కోసం కలిపే రసాయనాలు, నికోటిన్. ధరకు, ప్రమాదానికి కీలకం ఈ నికోటినే. ఒకేలా కనిపించే రెండు 10 మిల్లీలీటర్ల సీసాలు తీసుకుందాం. ఒకదానిలో మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటే మొత్తం 30 మిల్లీగ్రాములు. రెండోదానిలో మిల్లీలీటరుకు 20 ఉంటే మొత్తం 200. రంగు ఒకటే, పరిమాణం ఒకటే. వ్యసనాన్ని కలిగించే పదార్థం మాత్రం దాదాపు ఏడింతలు. కంటికి ఆ తేడా తెలియదు.

గొంతుకూ తెలియకుండా చేసే పద్ధతి ఒకటుంది. మన ఊళ్లలో పొగాకును అరచేతిలో సున్నం వేసి నలపడం చూసే ఉంటారు. సున్నం క్షారం. అది నికోటిన్‌ను లవణ రూపం నుంచి విడదీస్తుంది. అందుకే నోట్లో మంట పుట్టి, మత్తు త్వరగా ఎక్కుతుంది. కొత్తరకం ఇ-సిగరెట్లలో చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని. ద్రవంలో బెంజోయిక్ ఆమ్లం వంటివి కలిపి నికోటిన్‌ను లవణంగా మారుస్తారు. ఘాటు తగ్గిపోతుంది. దగ్గు రాదు. మొదటిసారి బీడీ తాగిన కుర్రవాణ్ని దగ్గు ఆపినట్టుగా ఇక్కడ శరీరం ఆపలేదు. పైగా మామిడి, పుదీనా రుచులు. ఎంత గాఢమైన నికోటిన్‌నైనా హాయిగా పీల్చేలా చేసే ఏర్పాటు ఇది.

తీగచుట్టలో కూడా తేడాలుంటాయి. నాసిరకం లోహమైతే, ద్రవం అయిపోయి దూది మాడితే తుంపరల్లోకి నికెల్, క్రోమియం, సీసం వంటి లోహాలు, ఫార్మాల్డిహైడ్ వంటి విషాలు చేరతాయని పరిశోధనల్లో తేలింది. బ్యాటరీకి రక్షణ సర్క్యూటు ఉందో లేదో డబ్బా చూసి చెప్పలేం. ఇవన్నీ తయారీ ఖర్చును మార్చేవే. కొనేవాడి కంటికి ఆననివే.

చట్టం ఉన్న దేశాల్లో తేడా ఎందుకు

ఇ-సిగరెట్లను అనుమతించిన దేశాల్లోనూ ధరలు ఒకటిగా లేవు. కాకపోతే అక్కడి కారణాలను కాగితం మీద చూపించవచ్చు. అమెరికాలో రాష్ట్రానికో పన్ను. మిన్నెసోటాలో టోకు ధర మీద 95 శాతం పన్ను ఉంది, కొన్ని రాష్ట్రాలు మిల్లీలీటరు లెక్కన తీసుకుంటాయి. ఐరోపా సమాఖ్యలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు మించకూడదు. చదువుకోవడానికి మన పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్తున్న బ్రిటన్‌లో వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. 2026 అక్టోబరు నుంచి 10 మిల్లీలీటర్ల ద్రవానికి 2.20 పౌండ్ల సుంకం వేయాలని నిర్ణయించారు. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి మందుల దుకాణాల్లో తప్ప అమ్మకూడదు. పన్ను, పరిమితి, అద్దె, బ్రాండు: తేడాలో ఏ భాగం దేనిదో విడగొట్టవచ్చు.

అక్కడ చదువుకుంటున్న పిల్లలు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. అక్కడ కొట్లో దొరికేది ఇక్కడ నిషిద్ధం.

నిషేధం తర్వాత ధర ఎక్కణ్నుంచి వస్తుంది

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వకు ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నికోటిన్ లేదని చెప్పి అమ్మినా చట్టం వర్తిస్తుంది, ఇ-హుక్కాకూ వర్తిస్తుంది. అయినా దొంగ సరుకు ఆగలేదు. హైదరాబాద్ పోలీసులు ఇ-సిగరెట్లు పట్టుకున్న వార్తలు పలుమార్లు వచ్చాయి.

ఇలాంటి సరుకుకు అమ్మకందారు చెప్పే ధరలో ఏమేం దాగి ఉంటాయో చూద్దాం.

మొదటిది భయానికి ధర. పీటర్ రాయిటర్, మార్క్ క్లైమన్ అనే పరిశోధకులు 1986లో మాదకద్రవ్యాల ధరలను విశ్లేషిస్తూ, అక్రమ సరుకు ధరలో ఎక్కువ భాగం వస్తువు తయారీ ఖర్చు కాదనీ, పట్టుబడే ప్రమాదానికి, మోసపోయే ప్రమాదానికి వేసుకునే పరిహారమనీ వివరించారు. చేతులు మారిన ప్రతిసారీ ఆ పరిహారం ఒక పొర పెరుగుతుంది. ఎన్ని చేతులు మారిందన్నది ఒక్కో అమ్మకందారుకు ఒక్కోలా ఉంటుంది.

రెండోది చీకటికి ధర. ప్రకటన లేదు, బోర్డు లేదు, నలుగురిని అడిగే వీలు లేదు. స్టిగ్లర్ చెప్పిన వెతుకులాట ఖర్చు ఇక్కడ కొండంత. పోల్చుకోలేని కొనుగోలుదారుకు ఏ ధర చెప్పినా చెల్లుతుంది.

మూడోది ముఖానికి ధర. అడిగినవాడు స్కూలు పిల్లవాడా, ఉద్యోగస్తుడా, చేతులు వణుకుతున్నాయా అని చూసి అమ్మేవాడు ధర చెబుతాడు. అలవాటు పడినవాడు రేపటిదాకా ఆగలేడని అతనికి తెలుసు. ఒకే అమ్మకందారు దగ్గర ఒకే రోజు రెండు ధరలు ఉండేది ఇందువల్లే.

నాలుగోది గాఢత. అమెరికా ఆర్థికవేత్తలు ఆల్చియన్, అలెన్ 1964లో ఒక సంగతి చెప్పారు. రవాణా ఖర్చు మంచి పండుకూ నాసి పండుకూ ఒకటే అయినప్పుడు, దూరం వెళ్లే బుట్టలో మంచి పండ్ల వాటా పెరుగుతుంది. మన బంగినపల్లిలో మేలైన కాయలే విమానం ఎక్కేది అందుకే. దొంగ రవాణాకూ ఇదే సూత్రం పనిచేస్తుంది. తక్కువ నికోటిన్ ఉన్నదాన్ని దాచి తేవడానికీ, ఎక్కువ ఉన్నదాన్ని దాచి తేవడానికీ ప్రమాదం ఒక్కటే. కాబట్టి ఘాటైన సరుకు వైపే మొగ్గు. మామిడిపండు విషయంలో వరమైనది ఇక్కడ శాపం.

ఐదోది అన్నిటికంటే ప్రమాదకరమైనది: కల్తీ. 1970లో జార్జ్ ఎకర్‌లాఫ్ పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. సరుకు గుణం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకపోతే మంచి సరుకుకు తగిన ధర రాదు. మంచి సరుకు సంత నుంచి తప్పుకుంటుంది, చెడ్డది నిలుస్తుంది. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇక్కడ ఎక్కువ ధర పెడితే అసలు సరుకు దొరుకుతుందన్న నమ్మకం కూడా నిలవదు. నకిలీ అమ్మేవాడు కూడా ఎక్కువ ధరే చెప్పగలడు, చెప్పి నమ్మించగలడు.

2019లో అమెరికాలో జరిగింది దీనికి కన్నీటి సాక్ష్యం. ఆవిరి పీల్చిన యువత ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి 18 నాటికి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2,807 కేసులు, 68 మరణాలు నమోదు చేసింది. ప్రధాన కారణంగా తేలింది విటమిన్-ఇ అసిటేట్ అనే జిగట పదార్థం. ముఖ్యంగా గంజాయి సారం నింపిన గొట్టాల్లో, స్నేహితులు, దళారుల ద్వారా చేతులు మారిన సరుకులో అది కనిపించింది. సారాన్ని పలచన చేసినా చిక్కగా కనిపించాలని కలిపారు. చర్మానికి రాసుకుంటే, మందుబిళ్లలో మింగితే ఇబ్బంది పెట్టని పదార్థం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణం తీసింది. పాలలో నీళ్లు కలిపినవాడి లాభాపేక్షే అక్కడా పనిచేసింది.

తేటగా కనిపించే నీరు

కంటికి కనిపించనిది ఎలా కాటేస్తుందో ఈ వడ్లు పండే నల్గొండ మట్టికి చెప్పనక్కర్లేదు. బోరునీళ్లు అద్దంలా ఉండేవి. రుచిలో తేడా లేదు, వాసన లేదు. ఆ నీళ్లే తాగి తరతరాలు పళ్లు గారపట్టాయి, వెన్నులు వంగాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ప్రమాదమని పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పటిక, సున్నం వేసి ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందిస్తే, అది ప్రపంచానికి ‘నల్గొండ టెక్నిక్’గానే పరిచయమైంది. ఇంటి నల్లాకు కృష్ణా నీళ్లు రావాలని ఈ ప్రాంతం ఏళ్లపాటు కొట్లాడింది. చూపును కాక కొలతను నమ్మాలన్న పాఠాన్ని ఇంత మూల్యం చెల్లించి నేర్చుకున్న నేల ఇది.

అదే నేల మీద ఒక తల్లి, పిల్లవాడి పుస్తకాల సంచిలో చిన్న ప్లాస్టిక్ గొట్టం చూసి “ఇదేంది బిడ్డా” అని అడిగితే, “ఉత్త ఆవిరే అమ్మా” అన్న జవాబు వస్తే, ఆమెకు గుర్తు రావాల్సింది ఆ తేట నీరే. మెదడు ఎదుగుదల పాతికేళ్ల వరకు సాగుతుంది. ఆ వయసులో తగులుకున్న నికోటిన్ ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని దెబ్బతీసి, వ్యసనాన్ని లోతుగా పాతుతుంది. ఆ తల్లి చేయాల్సింది కొట్టడమో, దాచడమో కాదు. ఆ అలవాటుకు చికిత్స ఉంది, సలహా ఉంది. కేంద్ర ప్రభుత్వ పొగాకు విరమణ సహాయ నంబరు 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ధరల్లో తేడా ఉండటం తప్పు కాదు. మిర్యాలగూడ గేటు దగ్గర ఆ తేడా వెనక తేమ ఉంది, తాలు ఉంది, నూక ఉంది, మబ్బు ఉంది. రేటు తక్కువ కట్టారనిపిస్తే రైతు గొంతెత్తగలడు. మార్కెట్ అధికారికి చెప్పుకోగలడు. ట్రాలీ తిప్పుకుని ఇంకో గేటుకు పోగలడు. ఇ-సిగరెట్ ధరల తేడా వెనక ఉన్నవి భయం, చీకటి, కొనేవాడి బలహీనత. తక్కువకు దొరికితే లాభమూ కాదు, ఎక్కువ పెడితే భద్రతా కాదు. లోపల ఏముందో చూపించే మీటరు అక్కడ లేదు. మోసపోయానని తెలిసినా చెప్పుకునే చోటు లేదు.

ట్రాలీ మీద నిలబడి “మల్లొక్కపారి పెట్టి చూడు బిడ్డా” అన్న పెద్దాయన తన వడ్లకు అడిగిన ఆ హక్కు, ఆయన మనవడు ఊపిరితిత్తుల్లోకి పీల్చుకునే దానికి లేదు.